కాకిలంకలో వేట నిషిద్ధం

"పీచు ఇవ్వనంటే ఇవ్వను. మూడు రోజుల నుంచీ అదే చెబుతున్నాను, నాలుగో రోజూ అదే చెబుతాను," అంది అచ్చమ్మ. కొబ్బరి పీచు ఉన్న గంప మీద పీట వేసి, ఆ పీట మీద తను కూర్చుంది.

"అడుగుతున్నది నేను కాదే, కుంపిణీ," అన్నాడు గంగన్న పంతులు.

"అయితే కుంపిణీనే వచ్చి ఈ అంట్లు తోమమనండి. పులుసు గిన్నె మాడి కూర్చుంది. పీచు లేకుండా దేంతో తోమను, మీ తలపాగాతోనా?"

అరుగు మీద వత్తులు చేసుకుంటున్న పంతులు తల్లి పేరమ్మ ఈ మూడు రోజుల్లో పూటకో పక్షం మాట్లాడింది. "ఇచ్చెయ్యవే అచ్చమ్మా, గంపెడు పీచు కోసం మొగుడితో అంత వాదమేమిటి?" అంది. వెంటనే, "అయినా నీకుండాలిరా గంగన్నా సిగ్గు. ఉద్యోగస్థుడివి, పెళ్ళాం పీచు మీద పడ్డావేమిటి?" అని కూడా అంది.

"అమ్మా, ఈ ఓడ వెళ్ళేలోపల ఏదో ఒక బొచ్చు పంపకపోతే కచేరీ ఎత్తేస్తారు. కచేరీ పోతే నా ఉద్యోగం పోతుంది. నాకు పౌరోహిత్యం రాదు, వ్యవసాయం తెలియదు, ఇంగ్లీషొక్కటే వచ్చు. కాకిలంకలో దొరతో తప్ప ఇంగ్లీషు ఇంకెవరితో మాట్లాడమంటావు? కాకులతోనా?"

అచ్చమ్మ లేవలేదు గానీ, పీట మీద కొంచెం ఒత్తిగిలింది.

గంగన్న పంతులు తోళ్ళ కుంపిణీ వారి కాకిలంక కచేరీలో ద్విభాషి. దొర ఇంగ్లీషులో తిట్టినదాన్ని తెలుగులో మర్యాదగానూ, రైతులు తెలుగులో తిట్టినదాన్ని ఇంగ్లీషులో మరింత మర్యాదగానూ చెప్పడం ఆయన పని. తోళ్ళ కుంపిణీ అంటే మంచుదేశాల్లో బొచ్చు జంతువులను పట్టించి, ఆ తోళ్ళు సీమకు పంపి, టోపీలు కుట్టించి అమ్ముకునే కుంపిణీ. అలాంటివారికి గోదావరి సముద్రంలో కలిసేచోట, మంచు అనే మాట పురాణాల్లో తప్ప వినని ఈ లంక దక్కడానికి ఒక కారణం ఉంది. సీమలో రెండు కుంపిణీల పెద్దలు భోజనాల బల్ల మీద పటం పరచుకుని భూమిని పంచుకుంటుంటే, ఒకరి కలంలోంచి ఎర్ర సిరా చుక్క జారి ఇక్కడ పడింది. పొరపాటున పడిందని ఒప్పుకోవడం పెద్దల మర్యాదకు లోటు. అందుకని సంతకాలు చేశారు.

ఆ సిరా చుక్కను పాలించడానికి వచ్చినవాడు పింకర్టన్ దొర. గాలి తప్ప మరేమీ పండని ఏదో ఉత్తరపు దీవిలో పుట్టాడు. పదహారో ఏట కుంపిణీలో గుమాస్తాగా చేరి మంచుదేశం వెళ్ళాడు. ఇరవై రెండేళ్ళు అక్కడ చెక్కతో కట్టిన కోటలో కూర్చుని, ఆ దేశపు వేటగాళ్ళకు కంబళ్ళూ కత్తులూ ఇచ్చి నీటికుక్కల తోళ్ళు పుచ్చుకున్నాడు. చలికి రెండు కాలివేళ్ళు రాలిపోయాయి. మోకాళ్ళు పట్టేశాయి. ఇంత సేవ చేసినవాడికి బహుమానంగా పరిపాలకుడి పదవి ఇచ్చి కాకిలంక పంపారు.

దొర మే నెలలో దిగాడు. ఆయనతోపాటు, నిబంధనల ప్రకారం పరిపాలకుడికి ఇవ్వవలసిన సామానూ దిగింది. ఎలుగుబంటి తోలు కోటు, మంచు మీద నడవడానికి జాలీ చెప్పులు, గది వెచ్చబెట్టుకునే ఇనప కుంపటి, కుక్కలు లాగే బండి. ఆ బండి మీద ఇప్పుడు కచేరీ బంట్రోతు పెళ్ళాం వడియాలు ఎండబెడుతోంది.

ఎండకి దొర ఒళ్ళంతా పేలింది. కానీ పదిహేను రోజుల్లో మోకాళ్ళు వంగాయి. నెల తిరిగేసరికి గొంతుక్కూర్చోగలిగాడు. కాకులు కూడా నీడకి పోయే మిట్టమధ్యాహ్నం ఆయన కచేరీ ముందు కుర్చీ వేసుకుని, ఎండలో కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. "పంతులుగారూ, నేను ఇక్కడే చచ్చిపోతాను," అనేవాడు పరమ సంతోషంగా. అచ్చమ్మ పంపే కొబ్బరి పచ్చడి రొట్టెకి రాసుకుని తినేవాడు. అంతటి సుఖంలో ఏడాది గడిచాక సీమ నుంచి ఉత్తరం వచ్చింది.

"మా దృష్టికి వచ్చినదేమనగా, మీ ఇలాకా నుండి ఇంతవరకు ఒక్క వెంట్రుక అయినను ముట్టి యుండలేదు. రాబోవు ఓడలో బొచ్చు పంపని పక్షమున కచేరీని మూసివేసి, పరిపాలకుని వారి విశేషానుభవము దృష్ట్యా మరల మంచుదేశమునకే బదిలీ చేయగలవారము."

ఆ ఉత్తరం చదవడం పూర్తయ్యేసరికి దొర మోకాళ్ళు మళ్ళీ పట్టేశాయి.

బొచ్చున్న జంతువులు తెమ్మని ఊళ్ళో చాటింపు వేయించారు. జనం ఉత్సాహంగా వచ్చారు. ఒకడు మేకను తెచ్చాడు, తోలు మాత్రం తియ్యొద్దన్నాడు. చాకలి పోలయ్య గాడిదను తెచ్చి, "చూసుకుని ఇచ్చెయ్యండి బాబూ, రేవుకెళ్ళాలి," అన్నాడు. మంగలి నాగులు తన వారం రోజుల కష్టాన్ని మూటగట్టి తెచ్చి దొర కాళ్ళ దగ్గర కుమ్మరించాడు. నెరిసినది వేరుగా, నల్లది వేరుగా ఏరి మరీ తెచ్చాడు. దొర రెండు కుప్పలూ తడిమి చూసి, కంటతడి పెట్టుకుని, వద్దన్నాడు.

అప్పుడు గంగన్న పంతులు కన్ను పీచు గంప మీద పడింది.

కుంపిణీకి సరుకు పంపాలంటే దానితోపాటు పదకొండు గళ్ళున్న కాగితం నింపి పంపాలి. పంతులు తన ఉద్యోగంలో ఏనాడూ అబద్ధం రాసినవాడు కాదు. ఇప్పుడూ రాయలేదు. అడిగినదానికి జవాబు రాశాడు, అంతే. నివాసము: చెట్టు మీద. రంగు: పిన్న వయసున పచ్చ, ముదిరిన పిమ్మట గోధుమ. బొచ్చు: సర్వాంగముల యందు. కళ్ళు: మూడు. మాంసము: తెలుపు, మిక్కిలి రుచికరము. స్వభావము: శాంతము. పట్టు విధానము: ఎక్కి, కోసి, దింపుట. 'ఇది జంతువేనా?' అనే గడి కాగితంలో లేదు. ఆ ప్రశ్న అవసరపడుతుందని సీమలో ఎవరికీ తోచలేదు.

ఆ కాగితం భార్యకు చదివి వినిపించాడు. అచ్చమ్మ గడి గడికీ తల ఊపుతూ వింది. "ఇందులో అబద్ధమేమీ లేదే!" అంది ఆశ్చర్యంగా, పీట మీద నుంచి లేచి. "సరే, పట్టుకెళ్ళండి. సగం నాకుంచాలి."

సముద్రం మీద రానూ పోనూ ఎనిమిది నెలలు. జవాబు వచ్చిన ఓడలో దొరకు ఒక పతకం కూడా వచ్చింది. పీచుతో చేసిన టోపీ సీమలో ఎవరో జమీందారు పెట్టుకున్నాడట. వర్షానికి తడవలేదట, నీళ్ళలో పడితే తేలిందట. ఊరంతా అలాంటిదే కావాలంటున్నారట. పండితులు సభ చేసి, పీచుతోపాటు నమూనాగా పంపిన కాయను గాజు పెట్టెలో పెట్టి, దానికి అర గజం పొడుగు పేరు పెట్టారట. వారికి కొన్ని సందేహాలు మాత్రం మిగిలాయి. దొర వాటిని ఒక్కొక్కటే చదివాడు.

"ఈ జంతువు కూస్తుందా?"

పంతులు ఆలోచించాడు. "పసిదైతే మౌనంగా ఉంటుందండి. ముదిరినదాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల్నుంచి చప్పుడు చేస్తుంది."

"ఆహారం?"

"నీళ్ళు. ఏడాదికోసారి ఉప్పు వేస్తే ఆరోగ్యంగా ఉంటుంది."

"గుడ్డు పెడుతుందా, పిల్లల్ని కంటుందా?"

"రెండూ కాదండి. నేల మీద కదపకుండా వదిలేస్తే నాలుగైదు నెలలకి దాని నెత్తిలోంచి పిల్ల బయటికొస్తుంది."

దొర కలం ఆపాడు. "పంతులుగారూ, ఇది వాళ్ళు నమ్ముతారా?"

"నిజమే కదండీ."

దొర తన మోకాళ్ళ వంక కాసేపు చూసుకుని, రాశాడు. ఆఖరి ప్రశ్న చదివాడు. "ఏ నెలలో ఈనుతుంది?"

"నెలకో గెల వేస్తుందండి. ఏడాది పొడుగునా," అన్నాడు పంతులు, కొంచెం గర్వంగా. కోనసీమ కొబ్బరి గురించి ఎవరడిగినా ఆయనకు గర్వం వస్తుంది.

ఆ గర్వమే కొంప ముంచింది.

మంచుదేశంలో కుంపిణీకి ఒక మంచి నిబంధన ఉంది. జంతువులు పిల్లల్ని పెట్టే నెలల్లో వాటిని వేటాడకూడదు. మరుసటి ఓడలో ఉత్తర్వు వచ్చింది. "ఏ మాసములలో జంతువు సంతానము కనునో ఆ మాసములలో వేట నిషిద్ధము. కాకిలంక జంతువు పన్నెండు మాసములును సంతానము కనుచున్నట్లు పరిపాలకుని వారి వలన తెలియవచ్చినది. గావున పన్నెండు మాసములును వేట నిషిద్ధము. అధిక మాసమునకును ఇది వర్తించును."

"వేటే లేకపోతే బొచ్చెక్కణ్ణుంచి పంపడం?" అని దొర కంగారు పడ్డాడు. దానికీ ఉత్తర్వులో జవాబుంది. బొచ్చు పంపనక్కరలేదు. ఇంత అపురూపమైన జంతువు అంతరించిపోకుండా కాపాడితే చాలు. అందుకోసం కచేరీకి పన్నెండుమంది కాపలావాళ్ళను, వాళ్ళ మీద ఇద్దరు జమేదార్లను, నెలకోసారి చెట్ల కింద వెల్లకిలా పడుకుని జంతువులను లెక్కపెట్టే గుమాస్తాను మంజూరు చేశారు. బంట్రోతుతో కలిపి ముగ్గురు మనుషులున్న కచేరీ పద్దెనిమిదిమంది కచేరీ అయింది. దొర బదిలీ ఆగిపోయింది. గంగన్న పంతులు ఉద్యోగం స్థిరపడింది. కాకిలంకలో ఎవరూ కొబ్బరికాయ కోయనంత కాలం దానికి ఢోకా లేదు.

ఆ విషయం ఇంట్లో చెప్పినప్పుడు అచ్చమ్మ పచ్చడి నూరబోతోంది. చేతిలో కొబ్బరి చిప్ప.

"ఇది ఎప్పుడు కోసిందీ?" అన్నాడు పంతులు.

"నిన్న."

"ఉత్తర్వు ఇవాళ్టి నుంచి. తినొచ్చు."

"మరి రేపటి నుంచి?"

పంతులు పెరటివైపు చూశాడు. ఆ ఇంటి పెరట్లో నలభై చెట్లున్నాయి.

దేవుడి పనులకు మినహాయింపు ఇచ్చారు. అనుమతి పత్రం తెచ్చుకుంటే కొట్టుకోవచ్చు. సరంగు పెంటయ్య కొత్త పడవ నీళ్ళలోకి దింపుతూ కాయ కొట్టాలనుకున్నాడు. పంతులే దరఖాస్తు రాసిపెట్టాడు. వేట ఉద్దేశము: పడవ. వాడబోవు ఆయుధము: పడవ ముక్కు. జంతువు ప్రతిఘటించునా: ఒక్కొక్కసారి మొదటి దెబ్బకు పగలదు. అనుమతి సీమ నుంచి రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. అప్పటికి పడవ పాతబడి, అడుగున రెండు అతుకులు కూడా పడ్డాయి. అయినా వచ్చిన అనుమతిని వృథా చేయకూడదని దాన్ని ఒడ్డుకు లాగి, పసుపు రాసి, మళ్ళీ దింపి, కొట్టారు. ఆ రోజు ఊరంతా రేవుకొచ్చి తలో ముక్కా ప్రసాదంగా తిన్నారు. పేరమ్మ తన ముక్కను పంటి కింద పెట్టుకుని సాయంత్రం దాకా నమిలింది.

మనుషులు కోయకపోతే కాయ ఊరుకోదు. ఎండి, బరువెక్కి, తనంతట తనే రాలుతుంది. మొదటిది కచేరీ పెంకుల మీద పడింది. రెండోది జమేదారు భుజం మీద పడింది. పంతులు పుస్తకంలో 'పడినది' అని రాయబోయాడు. పుస్తకంలో అలాంటి గడి లేదు. 'దాడి' అనే గడి ఉంది. దాంట్లో రాశాడు. రాలినవాటిని కచేరీ కొట్లో బంధించారు. ఆరు నెలల్లో నూట ముప్పై దాడులు నమోదయ్యాయి.

దాంతో సీమ నుంచి తనిఖీ దొర దిగాడు. పేరు క్రంప్. మనిషి సన్నగా, టోపీ పొడుగ్గా ఉన్నాయి. టోపీ మన పీచుదే. దిగిన మర్నాడు పొద్దున్నే చెట్ల కింద నిలబడి, ఈ శాంత స్వభావం గల జంతువుకు ఇంత కోపం ఎందుకొచ్చిందో విచారిస్తుంటే, సూటిగా ఆయన టోపీ మీదే ఒక కాయ పడింది. టోపీ మెడ దాకా దిగిపోయింది. నలుగురు పట్టి లాగితే గానీ ఊడి రాలేదు.

"గుర్తుపట్టినది!" అన్నాడు క్రంప్ దొర, టోపీలోంచి బయటపడగానే. "తన బంధువుల బొచ్చును గుర్తుపట్టినది! రాసుకోండి. ఈ జంతువునకు జ్ఞాపకశక్తి కలదు. కుటుంబాభిమానము కలదు."

పంతులు రాసుకున్నాడు.

ఆ సాయంత్రమే చాటింపు వేశారు. "ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయడమేమనగా, చెట్ల కింద సంచరించు ప్రతివారును శిరస్సున లోహపాత్ర ధరించవలెను." తెల్లారేసరికి కాకిలంక మగవాళ్ళందరి నెత్తి మీదా గిన్నెలు బోర్లించి ఉన్నాయి. కలిగినవాళ్ళు ఇత్తడివి, లేనివాళ్ళు సత్తువి. గౌరవనీయుల గిన్నె పెద్దదిగా ఉండాలని ఎవరూ చెప్పకుండానే అందరికీ తోచింది. కరణంగారు గుండిగ పెట్టుకుని, ఇద్దరు మనుషులు చెరోపక్కా పట్టుకుంటుంటే నడిచారు. ఎదురుపడ్డప్పుడు నమస్కారం బదులు గరిటెతో ఒకరి గిన్నె మీద ఒకరు కొట్టుకునే మర్యాద నాలుగు రోజుల్లో స్థిరపడింది.

"నా బియ్యం గిన్నె ఏదీ?" అంది అచ్చమ్మ.

"నా నెత్తి మీద," అన్నాడు పంతులు. "కచేరీకి వెళ్ళాలి కదా."

"మీరు వచ్చేదాకా ఎసరు దేంట్లో పెట్టను?"

"దాకలో పెట్టు."

"దాక మీ అమ్మగారు పెట్టుకున్నారు."

పేరమ్మ పెరట్లో బావి పక్కన మంచం మీద, నెత్తిన దాకతో, నడుముకు ఎండ కాచుకుంటోంది. సరిగ్గా ఆమెకు పైన, బావి పక్క చెట్టుకు, ముదిరి ఎండిన గెల వేలాడుతోంది. కిందటి వారం ఒక కాయ అందులోంచి రాలి, మంచం పక్కనున్న ఆమె వక్కలు దంచుకునే రోలును రెండు ముక్కలు చేసింది. మంచం జరుపుకోమంటే పేరమ్మ వినదు. "ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఎండ ఇక్కడే పడుతోంది. నేను జరిగితే అది జరుగుతుందా? పడితే పడనీ. జంతువు కరిచి పోయిందని రాసుకోండి," అంది.

అచ్చమ్మ భర్తను అడగలేదు. అడిగితే ఆయన కాదనాలి, అది ఆయన ఉద్యోగం. తిన్నగా వెళ్ళి సత్తియ్యతో చెప్పింది. సత్తియ్య ఆ లంకలో దింపు తీసేవాడు. చెట్టెక్కి కాయలు దించడం తప్ప మరో పని నేర్వలేదు. రెండేళ్ళుగా మోకు గోడకి తగిలించి ఖాళీగా ఉన్నాడు.

"ఆయ్, నాకు తెల్సండి అమ్మగారూ," అన్నాడు. "ఆ గెల నన్ను సూసినప్పుడల్లా ఏడుత్తందండి, ఎప్పుడు దింపుతావ్‌రా అని. పెద్దమ్మగారి నెత్తి మీద అలా ఒగ్గేత్తానా ఏటండి?"

మర్నాడు పొద్దున్నే ఎక్కాడు. కింద పేరమ్మ ఉందని, గెలకు తాడు కట్టి, ఒక్క కాయకీ దెబ్బ తగలకుండా, పసిపిల్లను ఉయ్యాల్లోంచి దించినట్టు దించాడు. తను దిగేసరికి చెట్టు చుట్టూ నెత్తిన గిన్నెలతో నలుగురు కాపలావాళ్ళు నిలబడి ఉన్నారు. కచేరీ పుస్తకంలో ఇలా ఎక్కింది: "నిషిద్ధ కాలమున పద్నాలుగు జంతువులను సజీవముగా, సకుటుంబముగా అపహరించెను." దానికి శిక్ష ఏడేళ్ళు మంచుదేశంలో ఉండడం.

మంచు అంటే ఏమిటో సత్తియ్యకే కాదు, కాపలావాళ్ళకూ తెలియదు. పింకర్టన్ దొర చెప్పాడు. వేళ్ళు రాలిన తన కాలు చూపించి మరీ చెప్పాడు. సత్తియ్య ఆ కాలి వంక, తన కాళ్ళ వంక మార్చి మార్చి చూశాడు. "అయితే నేనింక సెట్టెక్కలేను కదండీ," అని మాత్రం అన్నాడు.

విచారణ రోజు పొద్దున్న అచ్చమ్మ భర్తకు తలపాగా అందించింది. దాని మీద బియ్యం గిన్నె కూడా అందించింది.

"ఎక్కించింది నేను," అంది.

"తెలుసు."

"అది కాయ అని చెప్పండి."

"చెబితే ఇన్నేళ్ళుగా నేను రాసిందంతా ఏమవుతుంది? దొర పోతాడు, కచేరీ పోతుంది, నా ఉద్యోగం పోతుంది. మనమేం తింటాం?"

"చెప్పకపోతే సత్తియ్య పోతాడు," అంది అచ్చమ్మ. గిన్నె వంకరగా ఉంటే సర్దింది.

కచేరీలో క్రంప్ దొర ఎత్తయిన కుర్చీలో కూర్చున్నాడు. బల్ల మీద పద్నాలుగు కాయలను వరసగా, ముఖాలు సభవైపు తిప్పి పెట్టారు. పింకర్టన్ దొర పక్కన కూర్చుని మోకాళ్ళు రాసుకుంటున్నాడు. బయట ఊరంతా గిన్నెలతో నిలబడింది.

"ముద్దాయి ఈ జంతువులను ఏల అపహరించెనో అడుగుము," అన్నాడు క్రంప్ దొర.

పంతులు అడిగాడు.

"నేనేటీ అపరించలేదండి బాబూ," అన్నాడు సత్తియ్య. "కాయలండి. ముదిరిపోయాయండి. దింపేనండి. మా అయ్య దింపేడు, మా తాత దింపేడు. దింపకపోతే నెత్తి మీదడిపోతాయండి మరి!"

క్రంప్ దొర పంతులు వంక తిరిగాడు. "ఏమనుచున్నాడు?"

గంగన్న పంతులు పద్నాలుగు కాయల వంక చూశాడు. సత్తియ్య కాళ్ళ వంక చూశాడు. నెత్తి మీది గిన్నె తీసి చంకలో పెట్టుకున్నాడు.

"కాయ అంటున్నాడండి," అన్నాడు ఇంగ్లీషులో, స్పష్టంగా. "కాయేనండి. నేనూ అదే అంటున్నాను. చెట్టుకి కాసే కాయ."

బయట ఎవరి గిన్నో జారి పడి దొర్లింది.

క్రంప్ దొర విచారణ ఆపి, పంతులునూ పింకర్టన్ దొరనూ లోపలి గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "నాకు తెలియదనుకున్నావా?" అన్నాడు గొంతు తగ్గించి. "కొట్లో బంధించినవాటిలో ఒకదాని నీళ్ళు పొద్దున్న తాగే వచ్చాను. వాటి పచ్చడి రోజూ తింటున్నాను. కానీ కుంపిణీ ముద్ర మీద సింహం పక్కన దాన్ని చెక్కించేశారు. సింహం పక్కన కాయను నిలబెట్టామని ఏ ముఖం పెట్టుకుని ఒప్పుకోమంటావు?"

"అయితే నన్ను తీసేయండి," అన్నాడు పంతులు. "సత్తియ్యను వదిలేయండి."

"తీసేస్తే కారణం రాయాలి. కారణం రాస్తే పైవాళ్ళు చదువుతారు." క్రంప్ దొర గదిలో అటూ ఇటూ తిరిగాడు. నిబంధనల పుస్తకం తెరిచాడు. నూట పదమూడో నిబంధనతో అది అయిపోయింది. కాసేపు ఆలోచించి, కలం తీసుకుని, అప్పటికప్పుడు నూట పద్నాలుగోది రాసి, నిన్నటి తేదీ వేశాడు. తరవాత సభలోకి వచ్చి, ఎప్పటి నుంచో ఉన్నదాన్ని చదివినట్టు గంభీరంగా చదివాడు.

"కుంపిణీ ఉద్యోగి గాని, ఇలాకాలో నివసించు మరెవరైనను గాని, జంతువుల దాడి వలననో, దాడి భయము వలననో మతి చలించి, సదరు జంతువును కాయ యని లిఖితపూర్వకముగా తెలిపినచో, అట్టివాని మాటను నమ్మరాదు. అట్టివానిని ఉద్యోగము నుండి తీయరాదు. తానేమి చేయుచున్నాడో ఎరుగనివాడు గావున వేట చట్టము అతనికి గాని, అతని పనివారికి గాని వర్తింపదు."

పంతులుకు కాగితం ఇచ్చారు. 'అది కాయ' అని రాసి సంతకం చేశాడు. సత్తియ్య మతి చలించినవారి పెరట్లో పనిచేశాడు కాబట్టి అతణ్ణి వదిలేశారు. కాయలను మాత్రం వాటి నివాసానికి తిరిగి చేర్చమని ఆజ్ఞాపించారు. కాపలావాళ్ళు వాటిని తాళ్ళతో చెట్టుకు కట్టడం మొదలుపెట్టారు.

పింకర్టన్ దొర ఆశగా ముందుకు వంగాడు. "నేను కూడా అలా రాసివ్వొచ్చా?"

"రాయవచ్చును. కానీ పరిపాలకునికి మతి చలించినచో చల్లని ప్రదేశమునకు పంపవలెను. అది ముప్పైరెండో నిబంధన."

"జంతువే," అన్నాడు పింకర్టన్ దొర వెంటనే. "మొదటి నుంచీ నేను జంతువనే చెబుతున్నాను."

మధ్యాహ్నం ఇంట్లో ఆకులు వేశారు. పంతులు జరిగిందంతా చెప్పాడు. పేరమ్మ అన్నం కలపడం మానేసి, "నా కొడుక్కి పిచ్చిరో!" అని శోకం అందుకుంది. ఉద్యోగం పోలేదని చెప్పాక సగంలో ఆపి, "అయితే ఎంత పిచ్చిరా?" అని అడిగింది. పంక్తి చివర కూర్చున్న పంతులు పిల్లలిద్దరూ నవ్వు ఆపుకోలేక పొలమారి తల మీద కొట్టుకున్నారు.

అచ్చమ్మ వడ్డిస్తూనే వింది. "ఆ నిబంధన ఉద్యోగులకేనా?" అని అడిగింది.

"'మరెవరైనను గాని' అని కూడా ఉంది."

"ఆడవాళ్ళకీ?"

పంతులు చారు కలుపుకుంటూ గుర్తు తెచ్చుకున్నాడు. "ఆడవాళ్ళకి కాదని లేదు."

"పొరుగువాళ్ళకీ?"

"కాదని లేదు."

అచ్చమ్మ అందరి ఆకుల్లోనూ మజ్జిగ పోసింది. అత్తగారికి కొంచెం ఉప్పు వేసింది. గిన్నె కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, గొంతు పెంచకుండానే చెప్పింది.

"భోజనాలయ్యాక ఎవరూ లేచి వెళ్ళకండి. ఆయన తలో కాగితం రాస్తారు, వేలిముద్ర నిశానీలు పెడదాం. ముందు అత్తయ్యగారు, తరవాత నేను, ఆ తరవాత పిల్లలు. సాయంత్రం పక్కింటివాళ్ళు వస్తారు, వాళ్ళకీ రాయాలి. రేపటి నుంచి మనకెవరికీ మతి లేదు. సత్తియ్యను పొద్దున్నే దింపుకి రమ్మని కబురు పెట్టాను."